ఆల్మెడా పేరు మీది కుక్క

క్లీవ్‌ల్యాండ్
1953 సెప్టెంబరు 14

ఒరే లెమ్యుయెల్,

నీ ఉత్తరం చేరింది. మూడు పేజీలు రాశావు, అందులో రెండున్నర పేజీలు కంచరగాడిద డెక్క గురించే. అంత వివరంగా రాయడానికి ఆ గాడిదకేమైనా సంబంధాలు చూస్తున్నానా నేను? నా కుక్క గురించి మాత్రం "బాస్కం బాగానే ఉన్నాడు" అని ఒక్క ముక్క. వాడికి ఒళ్ళు వచ్చిందా, ఆ గోధుమరంగు చెవి ఇంకా వెనక్కి మడుస్తున్నాడా, పూరేళ్ళ వాసన తగిలితే ఏం చేస్తున్నాడు, ఇవి రాయొద్దూ. పాస్టర్ బాస్కం గారికి తన పేరు కుక్కకి పెట్టిన సంగతి తెలిసిపోయిందన్నావు. తెలిస్తే తెలియనీ. కిందటేడు నేను మీ ఇంటికి వచ్చి ఉండగానే కదా వాడు పుట్టింది. మొహం చూస్తే అచ్చం చందా పళ్ళెం తిప్పేటప్పటి పాస్టరు గారే. నేనేం చెయ్యను.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు. బడి వంటగదిలో ఉప్పు డబ్బా అనుకుని పంచదార డబ్బా ఎత్తి పులుసులో పోశాను. పిల్లలు తిన్నారులే, వాళ్ళకదే బాగుందిట. కాని మేనేజరమ్మ నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. షుగరు కళ్ళకెక్కింది అన్నాడాయన. లోపల సన్నటి నరాలు చిట్లుతున్నాయట. ఎడమ కన్ను ఎలాగూ పోతుంది, కుడిది ఈ చలికాలం దాటితే మీ అదృష్టం అన్నాడు. మందు లేదా అంటే దేవుణ్ణి నమ్ముతారా అని అడిగాడు. డాక్టరు ఆ మాట అడిగాడంటే అర్థమేమిటో నాకు తెలుసు.

ఏడవకు. కోరాకి చెప్పకు, నీ పెళ్ళానికి చెప్తే చర్చిలో డప్పు కొట్టినట్టే.

నాకు కావలసింది ఒక్కటే. ఫిబ్రవరి ఆఖర్న దొరల పూరేళ్ళ వేట అయిపోయాక మన నల్లవాళ్ళు పెట్టుకునే పోటీ ఉంది కదా. ఏడాదంతా దొరల కుక్కల్ని దొరల పేర్ల మీద పరిగెత్తించే మీరు, ఆ ఒక్క రోజు మీ కుక్కల్ని మీ పేర్ల మీద దించుతారు. ఈసారి కుర్రకుక్కల పందెంలో బాస్కంని దించు. యజమాని పేరు ఆల్మెడా అని రాయించు. నేను వచ్చి చూస్తాను.

నాన్న వరండా కింద పుట్టిన ప్రతి కుక్కపిల్లనీ పెంచింది నేను. తల్లి పాలు చాలకపోతే గుడ్డ తడిపి పాలు పట్టింది నేను. కాస్త కాళ్ళు సాగగానే నువ్వూ నాన్నా వాటిని చేలోకి తోలుకుపోయేవాళ్ళు. ఆడపిల్లకి గుర్రం ఎందుకే అని నాన్న నన్ను గేటు దగ్గరే ఆపేసేవాడు. నేను పెంచిన కుక్క పూరేళ్ళని పసిగట్టి, వాటిని లేపకుండా కదలక నిలబడితే ఎలా ఉంటుందో ఈ వయసు దాకా నేను చూడలేదురా. కళ్ళుండగా ఒక్కసారి చూడాలి.

నీ అక్క
ఆల్మెడా


హార్టన్ దొర తోట, అలబామా
1953 సెప్టెంబరు 30

అక్కా,

నీ ఉత్తరం కొట్టంలోకి తీసుకుపోయి చదువుకున్నాను. చదివాక గుర్రాలకి నీళ్ళు పెట్టడం మర్చిపోయాను. డాక్టర్లన్నాక అలాగే అంటారు. కోరా వాళ్ళ పిన్నికి ఆరు నెలలన్నారు, ఆవిడ ఆ డాక్టరు చావు భోజనం కూడా చేసి వచ్చింది. నువ్వు తీపి తగ్గించు. చిలగడదుంప మానెయ్యి.

బాస్కం సంగతి వివరంగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఒళ్ళు వచ్చింది. చెవి ఇంకా మడుస్తాడు. వాడి ముక్కు గొప్పది, నేను చూసిన కుర్రకుక్కల్లో ఇలాంటిది లేదు. బొబ్బర్ల చేను అవతల పూరేళ్ళ గుంపు ఉంటే ఇవతల గట్టు మీంచే పసిగడతాడు. కాని నిలబడడు. వాసన తగలగానే ఒక్క క్షణం బిగుసుకుంటాడు, అంతే, గుంపులోకి దూకేస్తాడు. పిట్టలు లేస్తాయి, వాడు వాటి వెనకాల జార్జియా దాకా పోతాడు. నేను గుర్రమెక్కి వెతుక్కోవాలి.

నాకది తప్పుగా తోచదు. ఈ వయసులో తరమాలి. తరిమి తరిమి, ఇవి నాకు దొరకవు అని వాడికే తెలియాలి. అప్పుడు వాడంతట వాడు నిలబడతాడు. వాడంతట వాడు నిలబడిన కుక్క చచ్చేదాకా నిలబడుతుంది. తొందరపెట్టి నిలబెట్టినది ఏదో ఒక చోట విరుగుతుంది. అందుకని ఈ ఏడు వద్దు. మళ్ళీ ఏడాదికి పెద్దకుక్కల పందెంలో దించుదాం. అప్పుడు చూసి నువ్వే మెచ్చుకుంటావు.

గాడిద డెక్క మానింది. రాయొద్దన్నావు కాబట్టి ఎక్కువ రాయను.

లెమ్యుయెల్


క్లీవ్‌ల్యాండ్
1953 అక్టోబరు 11

లెమ్యుయెల్,

మళ్ళీ ఏడాదికి అని రాశావు. నా ఉత్తరం చదివే రాశావా, లేక కొట్టంలో చీకట్లో గాడిదకి చదివి వినిపించావా? మళ్ళీ ఏడాదికి నీ కుక్క నిలబడుతుంది సరే, నా కన్ను నిలబడాలి కదా.

హార్టన్ దొర కుక్కలైతే క్రిస్మస్ లోపు తయారవుతాయి. ఆయన స్నేహితులు న్యూయార్కు నుంచి దిగేసరికి వరసగా నిలబడి సలాము కొడతాయి. అక్క కుక్కకి మాత్రం వాడంతట వాడికి తెలియాలి. దొర ముందు చేతులు కట్టుకుని, అక్క దగ్గర వేదాంతమా?

నీ పద్ధతులు నీ దగ్గరే ఉంచుకో. నాన్న పద్ధతిలో చెయ్యి. నాన్న కుక్కలు గుంజ పాతినట్టు నిలబడేవని మూడు కౌంటీల్లో చెప్పుకునేవాళ్ళు. ఒక్క చలికాలంలో తయారు చేసేవాడు. ఆయన కొడుకువి, నీకెందుకు చేతకాదు?

నేను చదవగలిగేలా పెద్ద అక్షరాలతో రాయి. నీ కోడిగీతలు మసక కళ్ళతో కూడబలుక్కోవడం కష్టంగా ఉంది.

ఆల్మెడా


హార్టన్ దొర తోట
1953 నవంబరు 2

అక్కా,

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కాబట్టి తక్కువ రాస్తాను.

చేతులు కట్టుకుంటానన్నావు. కట్టుకుంటాను. ఇక్కడ కట్టుకోనివాళ్ళు ఎవరూ లేరు. నువ్వు బండెక్కి వెళ్ళిపోయావు, నేను ఉండిపోయాను. ఆ మాట ఇంతటితో వదిలేద్దాం.

తుపాకీ చప్పుడుకి బెదరకుండా చేసే సంగతి చెప్తాను, అది బాగా కుదిరింది. వాడు పిట్ట వెనకాల దూరంగా పరుగు మీద ఉన్నప్పుడు పిల్లలాడుకునే బిళ్ళల తుపాకీ పేల్చాను. చెవి కూడా కదపలేదు. కొంచెం దగ్గరికి వచ్చాను, తర్వాత అసలు పిస్తోలుతో పేల్చాను. ఇప్పుడు చప్పుడు వింటే తోక ఊపుతున్నాడు. చప్పుడంటే పిట్ట అని వాడికి అర్థమైంది.

నాన్న పద్ధతి అన్నావు. నిజంగా అదే కావాలా నీకు? నాన్న చేలో ఏం చేసేవాడో నీకు తెలియనిది కాదు. ఆయన పోయాక నేను ఆ సామాను కొట్టంలో అటక మీద పడేశాను, మళ్ళీ దించలేదు. బాగా ఆలోచించి రాయి. నువ్వు పెద్దదానివి, వాడు నీ కుక్క. చెయ్యమంటే చేస్తాను.

లెమ్


క్లీవ్‌ల్యాండ్
1953 నవంబరు 27

ఒరే లెమ్,

ఆలోచించేది ఏముంది. నాన్న ఏం చేసేవాడో నాకు తెలియకేం. నీకు మొదటి నుంచీ ఆయనంటే పడేది కాదు, అందుకని ఆయన చేసిందల్లా నీకు తప్పే. చెయ్యి. నా మాటగా చెయ్యి.

నిన్న థాంక్స్‌గివింగ్‌కి పక్కింటి పర్లీన్ వాళ్ళింట్లో భోజనం. పర్లీన్ మా చర్చిలో గాయకురాలు, పాట ఎంత తియ్యగా ఉంటుందో ఆవిడ వండే టర్కీ కోడి అంత ఎండుగా ఉంటుంది. బాస్కం సంగతి చెప్పాను. "కుక్క పరిగెత్తేది చూడ్డానికి అలబామా దాకా పోతావా, ఇక్కడ రోడ్డు మీద బోలెడు కుక్కలు పరిగెడుతున్నాయిగా" అంది. పుట్టింది పట్నంలో, దానికేం తెలుసు.

ఎడమ కన్ను పోయింది. ఒక్కసారిగా కాదు, పొయ్యి మీద గిన్నెకి మసి పట్టినట్టు మెల్లిగా పట్టింది. కుడిది ఉంది. దాన్ని దాచుకుని వాడుతున్నాను. కుట్టుపని మానేశాను. బైబిలు కూడా పర్లీన్ చేతే చదివించుకుంటున్నాను. ఫిబ్రవరి దాకా కావాలి కదా.

నిన్ను అన్న మాటలకి కోపం తెచ్చుకోకు. కోరాకి ఒక కోటు పంపుతున్నాను.

నీ అక్క


హార్టన్ దొర తోట
1954 జనవరి 10

అక్కా,

కోటు అందింది. కోరా దాన్ని వేసుకుని వంట కూడా చేస్తోంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. బాస్కం ఇప్పుడు తరమడు.

పోటీ ఫిబ్రవరి 27, శనివారం. పేరు ఇచ్చేశాను. ఆడమనిషి పేరు మీద కుక్క ఏమిటని పక్క తోటలో కుక్కల్ని తయారుచేసే క్రాఫర్డ్ నవ్వాడు. ఆయన ఆడకుక్కా మన బాస్కమూ ఒక జోడీగా పరిగెడతాయి. కుర్రకుక్కలకి అరగంట. మంచి పరుగుండాలి, పిట్టని పట్టాలి, నేను గుర్రం మీద అక్కడికి చేరేదాకా నిలబడాలి. అంతకు మించి ఈ వయసులో అడగరు.

వాడి పరుగు తగ్గలేదు. ఇదివరకటి కన్నా ఎక్కువ దూరం పోతున్నాడు కూడా. తోక మాత్రం కొంచెం దించుతున్నాడు. నాకది అంత నచ్చలేదు. చలికి అయ్యుంటుంది.

ఇక్కడ వానలు. గుర్రాలకి దగ్గు.

లెమ్యుయెల్


క్లీవ్‌ల్యాండ్
1954 జనవరి 19

బంగారు తమ్ముడూ,

చూశావా. తరమడం మానేశాడని రాశావు, ఆ వాక్యం పర్లీన్ చేత మూడుసార్లు చదివించుకున్నాను. నాన్న పద్ధతి అంటే అది. ఉట్టినే ఇన్నాళ్ళు మొండికేశావు.

బడిలో సెలవు అడిగాను. సిన్సినాటీలో రైలు పెట్టె మారి నల్లవాళ్ళకి వేరుగా ఉంచిన పెట్టెలో కూర్చోవాలి, అక్కడి నుంచి భోజనం దొరకదు కాబట్టి కోడి వేయించుకుని అట్టపెట్టెలో తెచ్చుకుంటాను. కొత్త టోపీ కొన్నాను, ఎర్రది. చేలో ఎంత దూరంలో ఉన్నా నేనెక్కడున్నానో నీకు కనిపించాలి. తోక గురించి బెంగపడకు, నన్ను చూస్తే వాడే ఎత్తుతాడు.

ఆల్మెడా


క్లీవ్‌ల్యాండ్
1954 మార్చి 7

లెమ్యుయెల్,

క్షేమంగా చేరాను. దారిలో పెట్టెలో అందరికీ బాస్కం కథ చెప్పాను. టెన్నెసీ దాటేసరికి ఒకాయన నిద్రపోయినట్టు నటించాడు. వదలలేదు.

నువ్వు నన్ను స్టేషనులో దించి, సరిగ్గా మాట్లాడకుండా వెళ్ళిపోయావు. ఓడిపోయినందుకు మొహం చెల్లలేదని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. నాకు ఏ కప్పూ అక్కరలేదు. నేను చూడాలనుకున్నది చూశాను.

నన్ను ఆ పోటీ చూసే జనం బండిలో పైన కూర్చోబెట్టావు కదా. పక్కన ముసలాయన, ఏదో తోటలో నలభై ఏళ్ళు కుక్కల్ని సాకాడట. కుక్కల్ని వదిలారు. క్రాఫర్డ్ కుక్క నాకు కనిపించనే లేదు, అది మట్టిరంగు. బాస్కం కనిపించాడు. ఎండుగడ్డి అంతా పసుపుపచ్చగా మెరుస్తోంది, అందులోంచి తెల్లగా వాడు. గట్టు ఎక్కి, దిగి, పైన్ చెట్ల వార నుంచి మళ్ళీ పైకి. నా కంటికి మొహం తెలియలేదు, కాళ్ళు తెలియలేదు. ఒక తెల్లటిది పోతోంది, అంతే. అంత అందమైనది నేను పుట్టాక చూడలేదు. వెనకాల గుర్రం మీద నువ్వు పాడినట్టు పిలుస్తున్నావు, గొంతు అచ్చం నాన్నదే.

"ఆ తెల్లది ఎవరిదమ్మా?" అన్నాడు ముసలాయన.

"నాదే" అన్నాను.

"మీ ఆయనదా?"

"మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయనకి కుక్కలంటే భయం. నాదే అంటున్నానుగా."

ఆయన కాసేపు చూసి, "పరుగు ఉందమ్మా. చాలా పరుగు ఉంది" అన్నాడు. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. నేను ఏడుస్తున్నానని ఊరుకున్నాడనుకుంటాను.

పిట్టలు తగలకపోవడం వాడి ఖర్మ. వాడు వెళ్ళిన దారిలో లేవు, క్రాఫర్డ్ కుక్క దారిలో ఉన్నాయి. దానికి ఎవరేం చేస్తారు. అది నిలబడిందని చెయ్యెత్తి అరిచారు, నేనూ లేచి చూశాను, కాని అంత దూరం నాకు ఆనలేదు. మన వాడు నిలబడి ఉంటే తెల్లగా కనిపించేవాడు.

వచ్చే నెల జార్జియా సరిహద్దు దగ్గర ఇంకో పోటీ ఉందని ఆ ముసలాయన చెప్పాడు. దించు. పిట్టలున్న చోట దించు. నేను రాలేను, నువ్వు రాస్తే పర్లీన్ చదువుతుంది. ఆ వారం నుంచి కుడి కన్ను కూడా మసకేస్తోంది. ఫరవాలేదు, దాని పని అది చేసింది.

నీ అక్క


హార్టన్ దొర తోట
1954 మార్చి 22

అక్కా,

ఇది పర్లీన్ గారి చేత చదివించుకుంటావని తెలుసు. పరాయి మనిషి నోట వినాల్సి వస్తున్నందుకు క్షమించు. చెప్పకుండా ఉందామని రెండు వారాలు చూశాను. కాని జార్జియా పోటీలో దించమన్నావు. దించలేను.

వాడి దారిలో పిట్టలు లేకపోవడం కాదు. ఉన్నాయి. మూడు చోట్ల ఉన్నాయి, మూడూ వాడికి తెలుసు. రేగుపొద దగ్గర వాసన తగిలింది, తల తిరిగింది, నేను గుర్రం మీంచి చూశాను. తోక దించేసి, పొదకి దూరంగా చుట్టు తిరిగి, ఏమీ ఎరగనట్టు అవతలికి పోయాడు. ఆ వెనకే వచ్చి క్రాఫర్డ్ కుక్క ఆ పొద దగ్గరే నిలబడింది. నువ్వు లేచి చూశానన్నావే, అది అదే. నీ పక్కన కూర్చున్నాయన పేరు ఎస్టిల్. ఆయన ఊరుకున్నది నువ్వు ఏడుస్తున్నావని కాదు. ఆయనకి మొదటి చుట్టులోనే తెలిసిపోయింది. పోటీ అయ్యాక నా దగ్గరికి వచ్చి, "ఎవరు చేశారు వాడికిది?" అన్నాడు. నేనే అన్నాను.

నువ్వు నాన్న పద్ధతి అన్నావు. అటక మీంచి ఆ పట్టెడ దించాను. ముళ్ళు లోపలికి తిప్పి మెడకి కట్టాను. పొడుగు తాడు. వాడు పిట్ట మీదికి దూకే క్షణానికి తాడు బిగిసేలా గుంజాను. నాన్న చేసినట్టే. వాడు అరిచిన అరుపుకి కోరా ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మర్నాడు మళ్ళీ చేశాను. కొన్నాళ్ళకి తరమడం మానేశాడు. నీకు ఉత్తరం రాసింది అప్పుడే. ఇంకొన్నాళ్ళకి పిట్టల దగ్గరికి పోవడమే మానేశాడు. అది రాయలేదు. నువ్వు టోపీ కొన్నానని రాశావు.

వాడికి తాడు సంగతి తెలియదు అక్కా. నొప్పి పూరేళ్ళలోంచి వచ్చిందనుకుంటున్నాడు. ఇలా మొహం తిప్పుకున్న కుక్క మళ్ళీ బాగుపడగా నేను చూడలేదు.

ఈ పద్ధతి నాకు నచ్చదని నీకు రాశాను. నువ్వు నాన్న ఏం చేసేవాడో తెలుసన్నావు. అయినా చేసిన చేతులు నావి.

లెమ్యుయెల్


క్లీవ్‌ల్యాండ్
1954 మార్చి 29

లెమ్యుయెల్,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. గీతలు ఒకదాని మీద ఒకటి పడితే పడనీ.

ముళ్ళ పట్టెడ ఏమిటి? నేనెప్పుడు చూశాను దాన్ని? నేను చూసిన నాన్న పద్ధతి పెరట్లోది. సాయంత్రం కుక్కపిల్లని బల్ల మీద నిలబెట్టి, వీపు మీద చెయ్యేసి, "వో, నాయనా, వో" అంటూ దాని గుండె నెమ్మదించే దాకా నిమిరేవాడు. ఎంత సేపైనా నిమిరేవాడు. నన్ను అంత సేపు ఎప్పుడూ నిమరలేదు కాబట్టి నాకు బాగా గుర్తు. నేను చెయ్యమన్నది అది. గేటు అవతల ఏం జరిగేదో నన్ను చూడనిచ్చారా మీరు? తెలియనిది కాదు అని రాస్తావా?

నువ్వు ఒక్క మాట, ఆ పట్టెడ అనే ఒక్క మాట రాసి ఉంటే వద్దని టెలిగ్రాం కొట్టేదాన్ని. నేను ఒక్కసారి, ఏ పద్ధతి అని అడిగి ఉన్నా సరిపోయేది. నీ నోరు నువ్వు మూసుకున్నావు, నా నోరు నేను పారేసుకున్నాను.

ఇంకొకటి. ఎందుకు చెప్పావు? కుడి కన్ను పోయింది. వాడు ఆ గట్టు మీద పరిగెత్తడం నేను ఆఖరున చూసినది. రోజూ దాన్నే తీసి చూసుకుంటున్నాను. ఇప్పుడు తీస్తే వాడు పారిపోతున్నట్టు కనిపిస్తోంది. నాకది ఉంచితే నీ సొమ్మేం పోయేది?

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఎలాగూ నిజాలు చెప్పడం మొదలుపెట్టావు. చిన్నప్పుడు నేను పెంచిన కుక్క క్వీనీ. దాన్ని జార్జియా దొరకి అమ్మానని చెప్పాడు నాన్న. అమ్మాడా?

ఆల్మెడా


హార్టన్ దొర తోట
1954 ఏప్రిల్ 6

అక్కా,

అమ్మలేదు. అదీ బాస్కంలాగే అయింది. పత్తి కొట్టం వెనక్కి తీసుకుపోయాడు. గొయ్యి నన్ను తవ్వమన్నాడు. నీకు చెప్తే తోలు వలుస్తానన్నాడు. జార్జియాకి పోయినవన్నీ అక్కడే ఉన్నాయి.

పెరట్లో నిమిరిన మాట నిజమే. మర్నాడు చేలోకి తీసుకుపోయేవాటినే నిమిరేవాడు. ఆయనకి వాటి మీద ప్రేమ లేదనను. దొరకి క్రిస్మస్ లోపు కుక్క కావాలి. నాకు ఫిబ్రవరి లోపు కావలసి వచ్చింది. ఆయన్ని తిట్టుకుంటూ ఇన్నేళ్ళు బతికాను, ఇప్పుడు తిట్టడానికి నోరు రావడం లేదు.

ఎందుకు చెప్పావన్నావు. నీకు కళ్ళు కనపడవు కదా అని ఇంకో అబద్ధం చెప్పలేకపోయాను. తప్పేమో.

పిట్టని పట్టని కుక్కకి తిండెందుకని మేస్త్రీ రెండుసార్లు అన్నాడు. బాస్కం నా మంచం కింద పడుకుంటున్నాడు. నేను ఆ పని చేసిన వాణ్ణని వాడికి తెలియదు, నా చెయ్యి నాకుతున్నాడు. ఏం చెయ్యమంటావో చెప్పు.

లెమ్


క్లీవ్‌ల్యాండ్
1954 ఏప్రిల్ 12

రైలెక్కించు. ఆ తోటలో వాడిని ఇంక ఉంచకు.

ఆల్మెడా


క్లీవ్‌ల్యాండ్
1954 జూలై 25

లెమ్,

ఇది పర్లీన్ చేత రాయిస్తున్నాను. నేను చెప్పినట్టే రాయమన్నాను. మధ్యలో ఎక్కడైనా దేవుడి చిత్తం అని కనిపిస్తే అది ఆవిడ కలిపింది, వదిలెయ్యి.

మూడు నెలలు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. కోపం నీ మీదో, నాన్న మీదో, నా మీదో తేల్చుకుని రాద్దామనుకున్నాను. తేలలేదు. నువ్వు పంపిన నాలుగు ఉత్తరాలూ విప్పలేదు. నిన్న విప్పించాను. కోరాకి కాలు బెణికిందట, నాకు తెలియనే లేదు.

బాస్కం బాగున్నాడు. లావయ్యాడు. వంటింట్లో నా కాళ్ళ దగ్గర పడుకుంటాడు. మెడ చుట్టూ చెయ్యి పెడితే గట్టిపడిన మచ్చలు తగులుతాయి. మొదట్లో చెయ్యి తీసేసుకునేదాన్ని. ఇప్పుడు అక్కడే పెట్టుకుంటున్నాను.

రోజూ పొద్దున వాడిని పట్టుకుని చర్చి దాకా నడుస్తాను. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో వాడి తాడు. నడుస్తుండగా తాడు ఉన్నట్టుండి పక్కకి లాగుతుంది. పేవ్‌మెంటు వదిలి చుట్టు తిరిగి మళ్ళీ దారిలోకి వస్తాడు. మొదట్లో గుంటలనుకున్నాను. పక్కన నడిచే పర్లీన్‌ని అడిగాను, అక్కడ ఏముందే అని. "ఏమీ లేదు, పావురాలు రొట్టెముక్కలు తింటున్నాయి" అంది. మర్నాడూ అడిగాను. పావురాలే. ఆ తర్వాత నాడు "ఏమీ లేవు" అంది. ఒకటి రెండడుగులు వేసేసరికి పక్కన పొదలోంచి పిచ్చుకలు లేచిన చప్పుడు నేనే విన్నాను. వాడి ముక్కు గొప్పదని రాశావు కదా, నిజమేరా. ఒక్క పిట్టని కూడా వదలడం లేదు.

కుక్క పిట్ట ముందు నిలబడితే ఎలా ఉంటుందో నేను చూడలేదు, ఇక చూడను. దాని గురించి ఏడవడం అయిపోయింది. కాని తాడు లాగినప్పుడల్లా ఆగి, తప్పు మాది నాయనా, వాటిది కాదు, పద చూద్దాం అంటాను. రాడు. వాడు భయపడి తను ఒక్కడే తప్పుకుంటే నేను తట్టుకుందును లెమ్. అలా చెయ్యడు. నేను అటు అడుగెయ్యకుండా అడ్డం వచ్చి, భుజంతో నా కాలిని నెట్టి, నన్ను కూడా దూరంగా తీసుకుపోతాడు. అక్కడికి పోతే నాకూ నొప్పి తగులుతుందని వాడి బెంగ.

కోరా కాలికి ఉప్పు కాపడం పెట్టు. జవాబు రాయి. ఈసారి విప్పుతాను.

నీ అక్క
ఆల్మెడా